బ్రోకరు చవకే... మరి లెక్క చూశారా?

'ఆర్డరుకి ఇరవై రూపాయలేనట, చవకే కదా!' అని ఆన్‌లైన్‌లో షేర్ల ఖాతా తెరిచేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగి, కాగితం, పెన్సిలూ తీసుకోండి.

రెండు వేల రూపాయల షేర్లు ఇవాళ కొని, నెల తర్వాత అదే ధరకి అమ్మారనుకుందాం. కొన్నప్పుడు 20, అమ్మినప్పుడు 20. ఆ నలభై మీద 18 శాతం జీఎస్టీ రూ.7.20. రెండుసార్లూ 0.1 శాతం చొప్పున లావాదేవీల పన్ను రూ.4. వెరసి రూ.51.20! చిల్లర ఛార్జీలు వేరే. అంటే ధర రెండున్నర శాతానికి పైగా పెరిగితేగానీ మీ అసలు మీకు రాదు. లక్ష పెట్టేవారికి ఈ ఇరవై లెక్కలోది కాదు. చిన్న మొత్తాలతో తరచూ కొని అమ్మేవాళ్లకే దెబ్బ.

అందుకే ముందే ఇవి అడగండి:

* కొన్న షేర్లు అట్టేపెట్టుకుంటే కమీషన్ ఉందా? కొందరు తీసుకోరు.
* ఇరవై రూపాయలా, శాతమా, 'ఏది తక్కువైతే అది' అన్న పద్ధతా?
* డీమ్యాట్ ఖాతాకి ఏడాది ఫీజెంత? షేర్లు అమ్మినప్పుడు ఆ ఖాతా నుంచి తీసినందుకెంత?
* సెబీ రిజిస్ట్రేషన్ ఉందా? సెబీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు.

ఒకే రోజులో షేర్లు కొని అమ్మినవారిలో 2022-23లో పదిమందికి ఏడుగురు నష్టపోయారని సెబీ 2024లో తేల్చింది. కమీషన్ తగ్గినంతమాత్రాన లాభం రాదు. ఇంటిఖర్చుల డబ్బు జోలికి మాత్రం పోకండి!