నక్షత్రాల వయస్సు చెప్పే ఛాయాచిత్రాలు

ఒంటరి నక్షత్రాన్ని చూచి దాని వయస్సు చెప్పడం దుర్లభం. కాని ఒకే వాయుమేఘం నుండి ఇంచుమించు ఒకే కాలంలో జన్మించిన వందలాది నక్షత్రాలు గుంపుగా కనిపిస్తే, ఆ గుంపులోని రంగులే దాని వయస్సును తెలుపుతాయి. ఇట్టి గుంపులను వివృత నక్షత్రగుచ్ఛాలంటారు. చిన్న దూరదర్శినికి డిజిటల్ కెమెరా అమర్చుకొన్న ఔత్సాహికుడు తన మేడపై నుండే ఈ సంగతిని పరీక్షించుకోవచ్చును. కర్కాటక రాశిలోని రెండు గుచ్ఛాలు అందుకు చాలు.

మొదటిది మన పుష్యమి చెంతనున్న ఎం 44. కంటికి మబ్బుతునకవలె తోచే దీనిలో నలభైకి పైగా నక్షత్రాలున్నవని గెలీలియో 1610లో ప్రకటించాడు. దూరం సుమారు 600 కాంతి సంవత్సరాలు. వయస్సు 60, 70 కోట్ల సంవత్సరాల నడుమ. దానికి ఎనిమిది డిగ్రీల దక్షిణాన ఉన్నది ఎం 67. ఇది వృద్ధ గుచ్ఛం. వయస్సు దాదాపు 400 కోట్ల సంవత్సరాలు, అనగా మన సూర్యునికి ఇంచుమించు సమవయస్కురాలు. పుష్యమి కార్తెలో మాత్రం వీటికై వెదకవద్దు. ఆ దినాలలో సూర్యుడే అక్కడ ఉంటాడు. ఫిబ్రవరి చివరలో ‘బి’ షిఫ్టు ముగించుకొని రాత్రి పదింటికి బయటకు వచ్చేవారికి ఇవి నడినెత్తిన ఉంటాయి.

ఎం 44 వెడల్పు పూర్ణచంద్రునికి మూడింతలు. కావున ఇక్కడ పెద్ద దూరదర్శిని కంటె 80 మి.మీ. కటకము, 400 మి.మీ. నాభ్యంతరము గల చిన్నదే మేలు. ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు కదులుతుంది గనుక, మోటారుతో తిరిగే పీఠం లేనిచో చుక్క గీతగా మారుతుంది. పీఠపు అక్షాన్ని ధ్రువనక్షత్రం వైపు నిలపాలి. మన హైదరాబాదు, విశాఖలలో ధ్రువుడు దిగంతానికి 17, 18 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండి, తరచు మంచులోనో, ఎదుటి భవనం వెనుకనో దాగుతాడు. అయితే గుచ్ఛాలు నెత్తిపైకి రావడం మనకు దక్కిన వరం. అక్కడ వాతావరణపు పొర మిక్కిలి పలుచన.

అక్షం కొంత అటు ఇటు అయినా, 20 సెకన్ల చిత్రాలు తీసి కంప్యూటరులో పేర్చితే సరిపోతుంది. వంద చిత్రాలు కలిపితే, కాంతితో పోల్చినపుడు యాదృచ్ఛికమైన రవం పదోవంతుకు తగ్గుతుంది. టౌన్‌షిప్ దీపాల వెలుగులో నీహారికలు మునిగిపోతాయి గాని, బిందువులైన నక్షత్రాలు నిలుస్తాయి.

ఎక్కువసేపు కాంతినిస్తే చిత్రం బాగుంటుందన్న భ్రమ చాలమందికి ఉన్నది. నిజానికి మితిమీరిన కాంతితో ప్రతి నక్షత్రమూ తెల్లబడి, మనకు కావలసిన రంగే నశిస్తుంది. నీలినక్షత్రాలు ఇంధనాన్ని వేగంగా ఖర్చుచేసి ముందుగా అంతరిస్తాయి. అందుచేత ఎం 44లో తెల్లనివాటి నడుమ నారింజవన్నె తారలు నాలుగైదే కనిపిస్తాయి. ఎం 67లో ప్రకాశవంతమైనవి అధికభాగం నారింజవన్నెవే. రెండింటికీ వైట్ బ్యాలన్స్ ఒకటే ఉంచవలెను. లేనిచో పోలికకు అర్థముండదు.

మూడవ చిత్రం కావలెనంటే, సుమారు పదికోట్ల ఏండ్ల పసితారలైన కృత్తికలున్నవి. అవి నీలికాంతితో మెరుస్తాయి. కార్తిక మాసం అనువైనదే గాని, పౌర్ణమినాడు చంద్రుడు కృత్తికల చెంతనే ఉంటాడు. అమావాస్య దగ్గరి రాత్రులను ఎంచుకోవలెను.