వినే పుస్తకం వేరు, చదివే పుస్తకం వేరు

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతం, ఊరిగాంలో ఒక తెలుగింటి పిల్ల రోజూ మూడు నాలుగు భాషలు వింటుంది. ఇంట్లో తెలుగు. వీధిలో తమిళం. బళ్లో కన్నడం, ఇంగ్లీషు. ఇది ఇక్కడ మామూలే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు గనుల్లో పని మొదలుపెట్టింది. ఆ తర్వాత పాత ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి తమిళులూ తెలుగువాళ్లూ పనికోసం తరలివచ్చారు. ఇప్పటి చిత్తూరు ప్రాంతం అప్పట్లో చాలావరకు ఆ జిల్లాలోదే. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మనుషులు మాత్రం ఇక్కడే ఉన్నారు, వాళ్ల భాషలూ ఉన్నాయి.

పిల్లకు మూడు నాలుగేళ్లు వచ్చేసరికి ఇంట్లో ఒక ప్రశ్న మొదలవుతుంది. ఏ పుస్తకం కొనాలి, ఏ భాషలో కొనాలి? దానికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఆ పుస్తకాన్ని ఎవరు చదువుతారు? పెద్దవాళ్లు చదివితే పిల్ల వింటుందా, పిల్లే చదువుకుంటుందా? ఈ రెండు పనులకూ ఒకే పుస్తకం పనికిరాదు. కొనేటప్పుడు జరిగే పొరపాట్లు చాలావరకు ఈ తేడా చూడకపోవడం వల్ల వచ్చేవే.

మొదటి రకం బొమ్మల పుస్తకం (కథలో సగం బొమ్మే చెప్పే పుస్తకం). దీన్ని పెద్దవాళ్లు పైకి చదువుతారు, పిల్ల బొమ్మ చూస్తూ వింటుంది. రెండోది తొలి చదువు పుస్తకం (అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్ల తనంతట తాను చదవగలిగేలా మాటలు ఏరి రాసిన పుస్తకం).

ప్రపంచమంతా తెలిసిన రెండు పుస్తకాలు చూస్తే తేడా తేటపడుతుంది. పాట్ హచిన్స్ 1968లో తెచ్చిన ‘రోజీస్ వాక్’లో మొత్తం 32 మాటలే ఉన్నాయి. ఒక కోడి దొడ్డంతా తిరిగి ఇంటికి వస్తుంది. బొమ్మల్లో దాని వెనకే ఒక నక్క పొంచి వస్తుంటుంది, ప్రతిసారీ ఎక్కడో ఒకచోట దెబ్బతింటుంది. ఆ నక్క ఊసు రాతలో ఎక్కడా లేదు. దాన్ని కనిపెట్టి కేక వేయవలసింది పిల్లే. ఇది బొమ్మల పుస్తకం. డాక్టర్ స్యూస్ 1957లో రాసిన ‘ద క్యాట్ ఇన్ ద హ్యాట్’ పెద్దది. కానీ అందులో వాడిన వేర్వేరు మాటలు 236 మాత్రమే. అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి, కాబట్టి కొత్తగా చదువుతున్న పిల్ల తడబడదు. ఇది తొలి చదువు పుస్తకం. పొట్టి పుస్తకమైతే పిల్ల తనే చదువుతుందనీ, పెద్ద పుస్తకమైతే చదవలేదనీ అనుకోవడానికి లేదు.

చదవడం అనే పని లోపల ఎలా జరుగుతుందో చూస్తే ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు దాన్ని ఒక చిన్న లెక్కగా చెప్పారు. చదివి గ్రహించడం రెండు శక్తుల గుణకారం. ఒకటి, అక్షరాన్ని చూసి పలకగలగడం. రెండు, ఆ మాట వింటే అర్థం కావడం. ఇది కూడిక కాదు, గుణకారం. రెండింట్లో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే.

ఊరిగాం పిల్లకు ఈ లెక్క వేసి చూద్దాం. తెలుగు వింటే అంతా అర్థమవుతుంది, లిపి మాత్రం తెలియదు. కన్నడ అక్షరాలు బళ్లో నేర్చుకుంటోంది, కన్నడ మాటల అర్థం ఇంకా సగమే తెలుసు. ఇంగ్లీషులో రెండూ కొద్దికొద్దిగానే ఉన్నాయి. చాలా ఇళ్లలో ముందుగా కొనేది ఇంగ్లీషు తొలి చదువు పుస్తకమే. కొన్నాళ్లకు పిల్ల దాన్ని గడగడా చదివేస్తుంది. ఏం జరిగిందో చెప్పమంటే చెప్పలేదు. పిల్లలో లోపమేమీ లేదు. రెండో శక్తికి ఇంకా మేత అందలేదు, అంతే.

ఆ మేత ఇంటి భాషలో వినే కథల నుంచి వస్తుంది. ఒక పని ఎందుకు జరిగింది, ఆ తర్వాత ఏమవుతుంది, కోతి అబద్ధం ఎందుకాడింది అనే ఆలోచన తెలుగులో పాదుకుంటే, కన్నడంలో చదివేటప్పుడు మళ్లీ మొదటినుంచి నేర్వనక్కర్లేదు. రెండు భాషల్లోనూ వాక్యం నడక ఒకటే, క్రియ చివరికే వస్తుంది. మాటలూ చాలా కలుస్తాయి. అందువల్ల కన్నడ బడికి పోయే పిల్లకు తెలుగు కథ చదివి వినిపిస్తే ఆ బడిచదువుకే బలం. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతి ముగిసేలోపు పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలనే లక్ష్యం పెట్టుకుంది. అర్థం అనే సగం బడిలో అడుగుపెట్టక ముందే ఇంట్లో మొదలవుతుంది.

ఇక అక్షరాల సంగతి. ఇంగ్లీషు పిల్ల 26 అక్షరాలతో గట్టెక్కుతుంది. మన లిపిలో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలు అవుతాయి. సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లల మీద చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. మన లిపుల్లో అక్షరాలన్నీ పట్టుబడటం ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదనీ, నాలుగో తరగతి దాకా సాగుతుందనీ అది చూపింది. తెలుగు లిపి కట్టుబాటూ ఇదే. రెండో తరగతి పిల్ల ‘స్త్రీ’ దగ్గర ఆగిపోతే కంగారు పడనక్కర్లేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు పద్ధతిలో పుస్తకం మెట్టును మాటల లెక్కతో కొలుస్తారు. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో కథలకు నాలుగు మెట్లున్నాయి. మొదటి మెట్టు కథలో 250 మాటల లోపే. రెండోదానిలో 600 దాకా, మూడోదానిలో 1500 దాకా, నాలుగోదానిలో అంతకు మించి. ఈ ఏర్పాటు మంచిదే. తెలుగుకు మాత్రం ఇదొక్కటే సరిపోదు. ‘ఎక్కలేకపోయింది’ మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో ఆ అర్థానికి కనీసం మూడు మాటలు కావాలి. మాటల లెక్కలో మనది తేలిగ్గా కనబడుతుంది. పిల్ల కూడబలుక్కోవలసినవి మాత్రం ఏడు అక్షరాలు, అందులో ఒకటి ఒత్తుతో. కాబట్టి తెలుగు తొలి చదువు పుస్తకం చేతికి తీసుకుంటే మాటలు కాదు, ఒత్తులు లెక్కపెట్టాలి. మాటల పొడవు చూడాలి.

అయితే ఒత్తులే లేని పుస్తకం మంచిదా? నేను కాదంటాను. అమ్మ, నాన్న, అక్క, అవ్వ, తమ్ముడు, చెల్లి, ఇల్లు, చెట్టు, పిల్లి, కుక్క, గుడ్డు. పిల్లకు ఎంతో దగ్గరివైన ఈ మాటలన్నిటికీ ఒత్తు ఉంది. అది తగలకుండా రాయాలని ‘ఈగ’, ‘ఊయల’, ‘గడప’ లాంటి మాటలే పేర్చిన పుస్తకాల్లో కథ పుట్టదు. దారి మధ్యలో ఉంది. ముందు ద్విత్వాక్షరాలు (హల్లుకు అదే హల్లు ఒత్తుగా చేరేవి, ‘మ్మ’ లాంటివి) రానివ్వాలి. సంయుక్తాక్షరాలు (హల్లుకు వేరే హల్లు ఒత్తుగా చేరేవి, ‘ర్య’, ‘స్త’ లాంటివి) తర్వాతి పుస్తకాలకు ఉంచాలి. ఒక పేజీ తెరిచి వేలితో వెతికితే నిమిషంలో తేలిపోతుంది. ‘అమ్మ చెట్టు కింద కూచుంది’ మొదటి పుస్తకానికి సరిపోతుంది. ‘సూర్యాస్తమయ సమయంలో’ అని మొదలైతే అది పెద్దవాళ్లు చదివి వినిపించవలసిన పుస్తకం.

అచ్చు కూడా చూడాలి. మన ఒత్తులు గీత కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. వరుసల మధ్య ఎడం చాలకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. పెద్దవాళ్ల కన్ను దాన్ని సర్దుకుంటుంది, పిల్ల కన్ను సర్దుకోలేదు. ఒక మాట వరుస చివర విరిగి కింది వరుసలోకి పోయినా అంతే. అక్షరం పెద్దదైతే చాలదు, ఎడమూ ఉండాలి. ముదురు రంగు బొమ్మ మీద అచ్చేసిన అక్షరాలున్న పుస్తకాన్ని తొలి చదువుకు తీసుకోకపోవడమే మేలు.

వినిపించే పుస్తకానికి పరీక్ష వేరు. దానికి ఒత్తుల లెక్క అక్కర్లేదు, మాట ఎంత సంపన్నంగా ఉంటే అంత మంచిది. కొనేముందు రెండు పేజీలు గొంతెత్తి చదవండి. తెలుగులో దొరికే బొమ్మల పుస్తకాల్లో చాలా వేరే భాషల నుంచి వచ్చినవి. ‘అతను తన చేతులను తన జేబులలో ఉంచుకున్నాడు’ అని ఉంటే నోరు ఆగుతుంది. ‘జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు’ అంటే సాగిపోతుంది. ఆ తర్వాత రాతను చేత్తో మూసి బొమ్మ ఒక్కటే చూడండి. దాంట్లో పిల్ల కనిపెట్టడానికి ఏమైనా ఉందా? రాతలో ఉన్నదే బొమ్మలోనూ ఉంటే అది అలంకారం మాత్రమే. ఇంట్లో దాచిన పాత చందమామలు ఐదేళ్ల పిల్ల చేతికిచ్చేవాళ్లున్నారు. ఆ కథలు చదివి వినిపించడానికి అమూల్యమైనవి. ఆ వయసు పిల్ల సొంతంగా చదవడానికి అవి రాసినవి కావు.

ఊరిగాంలో అసలు కష్టం ఇంకొకటి. తెలుగు మాట్లాడే అమ్మానాన్నల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. వాళ్లు చదివింది కన్నడంలోనో తమిళంలోనో ఇంగ్లీషులోనో. గనులు మూతపడ్డాక ఇక్కడివాళ్లు ఎందరో పనికి రోజూ రైల్లో బెంగళూరు వెళ్లి, చీకటి పడ్డాక తిరిగొస్తున్నారు. పగలంతా పిల్ల దగ్గర ఉండేది అవ్వో తాతో. వాళ్లకు ఏ లిపీ రాకపోవచ్చు. అలాంటి ఇంట్లో బొమ్మల పుస్తకం పనికిరాదనుకుంటారు. పనికొస్తుంది. ఎందుకో 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. రెండు మూడేళ్ల పిల్లలకు కథ చదివేటప్పుడు ఊరికే చదివేయకుండా ‘ఇదెవరు, ఏం చేస్తోంది, ఇప్పుడేమవుతుంది’ అని అడిగి, పిల్ల చెప్పినదాన్ని కొంచెం పెంచి తిరిగి చెప్పమని తల్లిదండ్రులకు నేర్పారు. నెలరోజుల్లోనే ఆ పిల్లల మాటతీరులో తేడా కనబడింది. దీన్ని సంభాషణ పఠనం (ప్రశ్నా జవాబుగా సాగే చదువు) అంటారు. పిల్లను మాట్లాడించేది ఆ ప్రశ్న. దాన్ని అడగడానికి అవ్వకు అక్షరాలు రానక్కర్లేదు.

అందుకే అలాంటి ఇంటికి మొదటి పుస్తకంగా మాటల్లేని బొమ్మల పుస్తకాన్ని చెబుతాను. కన్నడం వచ్చిన ఇంట్లో కన్నడ బొమ్మల పుస్తకం తెచ్చి, కథను తెలుగులో చెప్పినా చాలు. కొనకుండా తెచ్చుకోవాలంటే చుట్టుపక్కల పల్లెల్లో పంచాయతీ గ్రంథాలయాలున్నాయి. కర్ణాటక ప్రభుత్వం 2020లో తెచ్చిన ‘ఓదువ బెళకు’ కింద పిల్లలకు వాటిలో సభ్యత్వం ఉచితం. ప్రథమ్ బుక్స్ ఒకే కథను కన్నడంలోనూ తెలుగులోనూ వేస్తుంది. 1996లో మొదలైన చెన్నైలోని తూలిక తెలుగుతో సహా పలు భాషల్లో పిల్లల పుస్తకాలు తెస్తోంది, రెండు భాషలు పక్కపక్కన ఉన్నవి కూడా. సికింద్రాబాద్ తార్నాకలోని ‘మంచి పుస్తకం’ సోవియట్ కాలపు పిల్లల పుస్తకాలను మళ్లీ వేసింది, తెలుగులోనే పుట్టిన బొమ్మల కథలనూ అచ్చేస్తోంది. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు చవక.

పుస్తకంలోని తెలుగుకూ కోలారు తెలుగుకూ కొంత ఎడం తప్పదు. పుస్తకంలో వేరుశనగ, బంగాళాదుంప, ఉల్లిపాయ. ఇంట్లో చెనక్కాయ, ఉర్లగడ్డ, ఎర్రగడ్డ. చదివేటప్పుడు రెండూ చెప్పాలి, పిల్ల మాటను దిద్దకూడదు. స్టోరీవీవర్ కథలను ఎవరైనా మార్చుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. వాటి అనుమతి పత్రం (రచయిత, చిత్రకారుల పేర్లు చెప్పి వాడుకోనిచ్చే హక్కు) అందుకు ఒప్పుతుంది. ఊరిగాంలో ఒక టీచరు అందులోని కథను కోలారు తెలుగులోకి మార్చి, నాలుగు ప్రతులు తీసి పంచవచ్చు. గని వ్యర్థాల సైనైడ్ దిబ్బల నీడలో పెరిగే పిల్లలకు తమ ఊరి బొమ్మల పుస్తకం కావాలంటే, ఇప్పుడు చేతిలో ఉన్న దారి ఇదే.

తెలుగు లిపి ఎప్పుడు మొదలుపెట్టాలి? కన్నడ గుణింతాలు, ఒత్తులు చేతికి వచ్చాక, సుమారు మూడో తరగతిలో. ఈ రెండు లిపులూ ఒకే మూలం నుంచి విడిపోయాయి. గ, న, మ, ర, ల లాంటివి కన్నడం వచ్చిన పిల్ల చూడగానే పోల్చుకుంటుంది. క, త లాంటివి మాత్రం విడిగా నేర్పాలి, తలకట్టు తేడా చూపాలి. ఆ పనికి కొత్త పుస్తకం కొనవద్దు. నాలుగేళ్ల వయసులో వందసార్లు విని నోటికి వచ్చేసిన పాత బొమ్మల పుస్తకాన్నే తీయండి. అర్థం ముందే తెలుసు కాబట్టి పిల్ల కన్ను అక్షరం మీదే నిలుస్తుంది. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదవమనండి. నోరు వేలికన్నా ముందు పోతుంటే పిల్ల చదవడం లేదు, గుర్తున్నది చెబుతోంది. అప్పుడు పేజీ మధ్యలో ఏదో ఒక మాట చూపి, అదొక్కటే ఏమిటో అడగండి.