ఒక్క పరమాణువు మందం పొర... లేజర్‌కి గేట్‌కీపర్!

మీ ఫోన్‌ది ఓఎల్ఈడీ తెరా? అయితే దాన్ని కోసింది కత్తి కాకపోవచ్చు, లేజర్ అయ్యుంటుంది. అదీ ఆగకుండా వెలిగేది కాదు. పికోసెకన్లలో, ఫెమ్టోసెకన్లలో మెరిసి మాయమయ్యేది. ఫెమ్టోసెకను ఎంత చిన్నదంటే, ఒక సెకనుని 3 కోట్ల ఏళ్లకు సాగదీస్తే అందులో దాని వాటా సుమారు ఒక్క సెకను! మెరుపు అంత చిన్నది కాబట్టే వేడి పక్కకి పాకేలోపు పనైపోతుంది, అంచులు మాడవు. కొన్ని రకాల లాసిక్ ఆపరేషన్లలో కార్నియా మీద పల్చటి పొరని కోసేదీ ఇలాంటి మెరుపే.

నేను ఫైబర్ లేజర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నా. "అంత స్పీడుగా స్విచ్ ఎవరు నొక్కుతారక్కా?" అని మా తమ్ముడు అడిగాడు. ఎవరూ నొక్కరు. ఏ ఎలక్ట్రానిక్ స్విచ్చుకీ అంత వేగం లేదు. కాంతే తన దారి తను తెరుచుకోవాలి. అందుకు వాడేదాని పేరు శాచురబుల్ అబ్జార్బర్.

సిటీ బస్సుని ఊహించుకోండి. స్టాపుకి ఒక్కొక్కరే వస్తే అందర్నీ ఎక్కించేసుకుంటుంది. వంద మంది ఒకేసారి వస్తే? క్షణంలో నిండిపోతుంది, మిగతావాళ్లు నడిచి ముందుకి పోతారు. ఇదీ అంతే. బలహీనమైన కాంతిని మింగేస్తుంది, బలమైనది వస్తే చోటు చాలక వదిలేస్తుంది. ఉంగరంలా చుట్టిన ఫైబర్‌లో కాంతి తిరుగుతూ ఉంటే, ప్రతి రౌండ్‌లోనూ మందకొడి భాగం అరిగిపోయి, చివరికి ఒకే ఒక్క పదునైన మెరుపు మిగులుతుంది. 10 మీటర్ల ఫైబరైతే సెకనుకి దాదాపు 2 కోట్ల రౌండ్లు, అన్ని మెరుపులు.

1992లో ఉర్సులా కెల్లర్ ఈ పనికోసం సెమీకండక్టర్ అద్దం ఒకటి తయారుచేశారు. అద్భుతంగా పనిచేస్తుంది. కానీ ఖరీదైన యంత్రాల్లో పొరపొరగా పెంచాలి, లేజర్ రంగు మారితే డిజైన్ మళ్లీ మొదలు.

ఇక్కడే గ్రాఫీన్ ఎంట్రీ! 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ టేపుతో గ్రాఫైట్ మీద నుంచి పీకి తీసిన పొర. 2010లో నోబెల్ తెచ్చింది. ఒక్క పరమాణువు మందమే అయినా, కంటికి కనిపించే కాంతి నుంచి ఇన్‌ఫ్రారెడ్ దాకా ఏ రంగైనా సుమారు 2.3 శాతం మింగుతుంది. పైగా మింగినదాన్ని పికోసెకన్లలోనే వదిలించుకుని, మళ్లీ ఖాళీ బస్సులా రెడీ అయిపోతుంది. 2009లో సింగపూర్ పరిశోధకులు దీన్ని ఎర్బియం ఫైబర్ లేజర్‌లో పెట్టి 756 ఫెమ్టోసెకన్ల మెరుపులు రాబట్టారు.

ఆ తర్వాత వరదే. మాలిబ్డినం డైసల్ఫైడ్, బ్లాక్ ఫాస్ఫరస్... కొత్త పదార్థం దొరికితే చాలు, లేజర్‌లో పెట్టడం, పేపర్ రాయడం! నాకు ఈ తంతు కొంచెం చిరాకే. ఎందుకంటే ఒక తిరకాసుంది. ఫైబర్‌లో బలమైన కాంతి తన పోలరైజేషన్‌ని తనే తిప్పుకుంటుంది. లేజర్ లోపల పోలరైజేషన్‌ని బట్టి కాంతిని ఆపే భాగం ఏదైనా ఉంటే, ఏ పొరా లేకుండానే మెరుపులు పుట్టొచ్చు. మరి క్రెడిట్ ఎవరిది? పొర తీసేసి, మిగతావన్నీ అలాగే ఉంచి చూడాలి. పోలరైజేషన్ కంట్రోలర్‌ని ఎటు తిప్పినా మెరుపు రాకపోతేనే పొర గొప్పదనాన్ని నమ్మొచ్చు. ఈ పరీక్ష లేని పేపర్ చదివితే నాకు నమ్మకం కుదరదు.

రెండోది మన్నిక. సాధారణంగా ఈ పొరల్ని ప్లాస్టిక్ ఫిల్మ్‌లో కలిపి, రెండు ఫైబర్ కొనల మధ్య శాండ్‌విచ్‌లా బిగిస్తారు. పవర్ పెంచితే ప్లాస్టిక్ వేడెక్కి కాలుతుంది. బ్లాక్ ఫాస్ఫరస్ అయితే గాలి, తేమ తగిలితేనే పాడైపోతుంది. ఫ్యాక్టరీవాళ్లకి కావాల్సింది నెలల తరబడి రాత్రీపగలూ నడిచే లేజర్. అందుకే మార్కెట్లో కెల్లర్ అద్దాలు ఇంకా చెక్కుచెదరలేదు.

ఫిల్మ్‌ని కొనల మధ్య బిగించకుండా, ఫైబర్ పక్క అంచుని సానబెట్టి దాని మీద పరిచే పద్ధతీ ఉంది. అప్పుడు కాంతి పొరని నేరుగా గుద్దదు, రాసుకుంటూ వెళ్తుంది, వేడి తక్కువ. ఇప్పుడు నేను తంటాలు పడుతున్నది దీంతోనే.