జమీ సొమ్ముతో జమీందారీపై సినిమా

1898లో ఎమిలీ జోలా అనే ఫ్రెంచి నవలాకారుడు, అన్యాయంగా శిక్ష పడిన డ్రైఫస్ అనే సైనికాధికారి పక్షాన దేశాధ్యక్షుడికి పత్రికాముఖంగా బహిరంగ లేఖ రాసి, అందుకు తానే కోర్టు బోను ఎక్కవలసి వచ్చింది. రచయిత ఇలా తన కలాన్ని ప్రజల తగాదాలోకి దించే సంప్రదాయం దిగువ కృష్ణా డెల్టాలోనూ బలంగా ఉండేది. కాకపోతే ఇక్కడ చదువురాని రైతును చేరడమే మొదటి సమస్య గనుక, ఆ సాహిత్యం అచ్చు పుటల మీదనే ఆగలేదు.

1902లో బందరు నుంచి వెలువడిన ‘కృష్ణా పత్రిక’ ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో జాతీయోద్యమ వాణిగా పేరు తెచ్చుకోగా, గుడివాడ ప్రాంతపు అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కరణ పోరును ఇంటి గడపల్లోకే తెచ్చాడు. తపస్సు చేసినందుకు శూద్రుడు హతుడైన పురాణకథను ‘శంబుకవధ’ నాటకంలో కులాధిక్యంపై విమర్శగా మలచిన ఆయన, పెళ్లితంతు వధూవరులకు అర్థం కావాలని తెలుగులో ‘వివాహవిధి’ రాసి, దాని ప్రకారం పెళ్లిళ్లు కూడా చేయించాడు. రాసిన మాటను ఆచరణలో నిలబెట్టడంలో ఆయనకు సాటి రాగలవారు అరుదు.

అన్నింటికంటె ఆలోచింపజేసేది సినిమా ఉదంతం. ‘ప్రజామిత్ర’ పత్రికను నడిపిన గూడవల్లి రామబ్రహ్మం సారథి సంస్థ పక్షాన తీసిన చిత్రాలకు చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ అండగా నిలిచాడు. 1938లో రచయిత చలం కథ ఆధారంగా అస్పృశ్యతపై ‘మాలపిల్ల’ వచ్చింది. మరుసటి ఏడు ‘రైతుబిడ్డ’ నేరుగా జమీందారీ వ్యవస్థనే ప్రశ్నించింది. రామస్వామి చౌదరి కుమారుడు గోపీచంద్ రచనలో పాలుపంచుకున్న ఈ చిత్రానికి కొసరాజు రాఘవయ్య పాటలు రాయగా, ప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్లారి రాఘవ రైతు నర్సిరెడ్డిగా నటించాడు. ఆస్తి, చదువు వంటి అర్హతలున్న కొద్దిమందికే ఓటు ఉన్న ఆ రోజుల్లో, అప్పులో ఉన్న నర్సిరెడ్డి జమీందారు పక్షపు అభ్యర్థిని కాదని రైతుల అభ్యర్థి వైపు నిలబడతాడు. రైతు మెడకు అప్పు పత్రం ఎలా ఉరితాడవుతుందో, ఓటు మీదికి ఆ తాడు ఎలా బిగుస్తుందో చూపిన కథ అది. అందుకే పెద్ద జమీందారులకు కోపం తెప్పించింది, కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధానికి గురైంది. జమీందారు ధనమే దీనికి ఊతమవడం వైరుధ్యంగా కనిపించినా, ఆ డెల్టాలో సంస్కరణాభిలాష రైతు ఇళ్లకూ జమీందారు కోటకూ కూడా పాకిందనడానికి అది గట్టి సాక్ష్యం.

అయితే సంస్కరణ ఒకటి, భూమి ఇంకొకటి. దివి తాలూకా మంగళాపురానికి చెందిన చండ్ర రాజేశ్వరరావు వంటి కమ్యూనిస్టు నాయకులు ఎదిగిన ఈ ప్రాంతంలోనే చల్లపల్లి జమీ భూములపై రైతులు ఉద్యమించారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, అంటే వామపక్ష కళాకారుల సంఘం, బుర్రకథలతో ఊళ్లు తిరిగింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం తెలంగాణ రైతుల పోరును కోస్తా పల్లెల్లో ప్రదర్శించి, నిషేధాన్ని ఎదుర్కొంది. జమీందారీలను రద్దుచేసే చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1948లో చేసింది. అప్పటికే ఆ రద్దు వాదం పొలంగట్ల మీద, రాత్రి వేదికల మీద పూర్తిగా వినిపించి ఉంది.