కెమెరా కడుపులో అద్దం

డీఎస్ఎల్ఆర్ కెమెరా లెన్సు విప్పి లోపలికి చూస్తే ముందుగా కంటబడేది 45 డిగ్రీల ఏటవాలులో నిలబెట్టిన చిన్న అద్దం. సెన్సర్ దాని వెనక దాగి ఉంటుంది. కెమెరా అంత లావుగా, బరువుగా ఉండటానికి కారణం చాలావరకు ఈ అద్దమూ, దాని నెత్తిన ఉన్న గాజు దిమ్మా. క్లిక్‌మనగానే చేతికి తగిలే సన్నటి అదురు కూడా దానిదే. ఇంతా చేసి ఫొటోలో దానికి పాలు లేదు. వెలుగు సెన్సర్ మీద పడాలంటే ముందు అది దారి వదలాలి. అయినా ఈ యంత్రం రూపమేమిటో, దానికి ఎలాంటి లెన్సులు రావాలో తరతరాలుగా నిర్ణయించింది ఆ అద్దమే.

అది రాకముందు ఫొటో తీయడం ఎంత యాతనో ఊహించుకోండి. పెట్టె వెనక గరుకు గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను నల్లగుడ్డ కప్పుకుని చూడాలి. ఫోకస్ కుదిరాక ఆ గాజు తీసి, దాని చోట ప్లేటు దోపాలి. ఈలోగా ఎదుటి మనిషి కదిలితే పడ్డ శ్రమంతా వృథా. చూడటానికి పక్కన ఇంకో గొట్టం పెట్టుకుంటే, అందులో కనిపించేదీ లెన్సు చూసేదీ ఒకటి కావు. దగ్గరగా తీస్తే తల తెగిపోతుంది. 1861లో థామస్ సట్టన్ అనే ఆంగ్లేయుడు లెన్సు వెనక అద్దం పెట్టి, లెన్సు చూసేదాన్నే కంటికి చూపించే కెమెరాకు పేటెంటు తీసుకున్నాడు.

అదే ఏడాది సట్టన్ ఇంకో గొప్ప పని చేశాడు. భౌతికశాస్త్రవేత్త జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ కోసం ఒక రంగుల రిబ్బనును ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా విడివిడిగా ఫొటోలు తీశాడు. వాటిని అవే రంగుల వెలుగులో తెర మీద ఒకదానిపై ఒకటి వేస్తే రంగుల బొమ్మ వచ్చింది. 1970లలో కోడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ ఆ మూడు రంగుల్నే సెన్సర్ మీద గళ్లుగా పరిచాడు. సగం గళ్లు ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఇప్పటి డీఎస్ఎల్ఆర్లు దాదాపు అన్నిటిలోనూ ఉన్నది ఆ అమరికే. సట్టన్ ఒకే ఏడాది చేసిన రెండు పనులు ఒక కెమెరాలో కలవడానికి దాదాపు 130 ఏళ్లు పట్టింది. విజ్ఞాన చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన కలయిక ఇది.

మళ్లీ అద్దం సంగతికొస్తే, చాలా ఏళ్ల తర్వాత దాని కథ ఊపందుకుంది. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి వచ్చిన కీనె ఎక్సాక్టా ఈ అద్దాన్ని 35 మి.మీ. ఫిల్ము కెమెరాలోకి తెచ్చింది. కానీ పైనుంచి తల వంచి చూడాలి, బొమ్మ కుడి ఎడమలు తారుమారు. అదే ఊళ్లో 1949లో తయారైన కాంటాక్స్ ఎస్‌లో పెంటాప్రిజం అనే గాజు దిమ్మ ఆ లోపం సరిచేసి, బొమ్మను కంటి ఎత్తుకు తెచ్చింది. ఒకసారి లేచిన అద్దం తనంతట తానే కిందికి దిగే ఏర్పాటును జపాన్‌లో అసాహీ కంపెనీ 1954లో తెచ్చింది. ఈ సౌకర్యాలన్నిటినీ ఒకచోట చేర్చి, విలేఖరుల చేతుల్లో మొండిగా పనిచేసిన కెమెరా 1959 నాటి నికాన్ ఎఫ్.

అద్దం అడిగిన మూల్యం మాత్రం లెన్సులు చెల్లించాయి. 24 మి.మీ. లెన్సును సాదాసీదాగా కడితే, దూరపు దృశ్యానికి దాని గాజు ఫిల్ముకు సుమారు 24 మి.మీ. దూరంలో ఉండాలి. కానీ అక్కడ అద్దం తిరగాలి. నికాన్‌లో లెన్సు బిగించే అంచు నుంచి ఫిల్ముకు దూరం 46.5 మి.మీ. మరి ఆ లెన్సు ఎలా కుదురుతుంది? 1950లో ఫ్రాన్స్‌లో పియర్ ఆంజెన్యూ ముందువైపు పెద్ద పుటాకార గాజు పెట్టి, వెలుగును మొదట విడదీసి, ఆ తర్వాత వెనక దూరంగా కూడేట్టు చేశాడు. పేరు రెట్రోఫోకస్. వైడ్ లెన్సుల ముందు గాజు అంత ఉబ్బుగా ఉండటం వెనక ఉన్న కారణం అద్దానికి చోటివ్వడమే.

డిజిటల్ యుగం వచ్చినా అద్దం కదల్లేదు. 1975లో కోడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా పది వేల పిక్సెళ్ల నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్‌కు ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. 1991లో అదే కంపెనీ నికాన్ ఎఫ్3 బాడీ తీసుకుని, ఫిల్ముండే చోట 13 లక్షల పిక్సెళ్ల సెన్సర్ పెట్టి అమ్మింది. ఫొటోలు దాచే 200 ఎంబీ డిస్కు పెట్టెను విడిగా భుజాన తగిలించుకోవాలి. లెన్సు, అద్దం, షట్టర్, అన్నీ పాతవే. అంటే డీఎస్ఎల్ఆర్ ఫిల్ము కెమెరా ఇంట్లోనే పుట్టింది, ఆ ఇంటి లెన్సులన్నిటికీ వారసురాలైంది. 2003లో కానన్ 300డీ వెయ్యి డాలర్ల లోపు ధరకు రావడంతో మామూలు కుటుంబాలకూ అందింది.

మన పెళ్లిళ్లలో అడ్డుతెర దించే క్షణాన్ని డీఎస్ఎల్ఆర్‌తో తీసేవాళ్ల పని ఎంత కష్టమో చూడండి. ఫోకస్ కోసం ప్రధాన అద్దం మధ్యభాగం కొంత వెలుగును వెనక్కి వదులుతుంది. దాని వెనకున్న బుల్లి అద్దం ఆ వెలుగును కెమెరా అడుగుకు పంపుతుంది. అక్కడ లెన్సు ఒక అంచు నుంచి వచ్చిన బొమ్మనూ రెండో అంచు నుంచి వచ్చినదాన్నీ పోల్చి, ఫోకస్ ఎటు, ఎంత తిరగాలో కెమెరా లెక్కగడుతుంది. వధువు తలెత్తింది, వేలు నొక్కింది, అద్దం లేచింది, వ్యూఫైండర్ చీకటైపోయింది. ఫొటోలో పడిన ఆ లిప్తను ఫొటో తీసిన మనిషి చూడనే లేదు. ముందూ వెనకా చూసి, మధ్యలోది పట్టుకోవడమే ఆ చేతుల నేర్పు.

అద్దానికి చేటు వచ్చింది వీడియో వల్ల. 2008లో నికాన్ డీ90, కానన్ 5డీ మార్క్ 2 వీడియో తీయడం మొదలుపెట్టాయి. వీడియో సాగినంతసేపూ అద్దం పైకి లేచే ఉండాలి. రామ్‌గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ను ఐదు రోజుల్లో ఇలాంటి కానన్ కెమెరాలతోనే తీశారు. సెన్సర్ చూసేదాన్ని నేరుగా తెర మీద చూడగలిగితే అద్దం ఎందుకన్న ప్రశ్నకు 2008లోనే పానసోనిక్ జీ1 జవాబిచ్చింది. 2018 నాటికి కానన్, నికాన్ కూడా ఫుల్‌ఫ్రేమ్‌లో, అంటే 35 మి.మీ. ఫిల్ము అంత సెన్సరున్న కెమెరాల్లో, ఆ దారి పట్టాయి.

నేర్చుకునేవాళ్లకు ఇది మంచి కాలం. కొత్త కెమెరాలకు మారినవాళ్లు వదిలేసిన మంచి డీఎస్ఎల్ఆర్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. నా మాట ఒక్కటే: బాడీ మీద మిగిల్చి లెన్సు మీద పెట్టండి. బాడీతో వచ్చే 18-55 కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు దానికి దాదాపు పదింతల వెలుగు లోపలికి రానిస్తుంది. సాయంత్రం ఇంట్లో 1/15 సెకనుకు అలికినట్టు వచ్చే పిల్లల ముఖం 1/150 దగ్గర నిలుస్తుంది. చిన్న సెన్సర్ బాడీ మీద ఆ 50, నికాన్‌లో 75లా ప్రవర్తిస్తుంది. ముఖాలకు బాగుంటుంది కానీ ఇరుకు గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు. అక్కడ 35 మి.మీ. మేలు.

కొనేముందు జతలు చూసుకోవాలి. నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. లెన్సులోనే మోటారున్న ఏఎఫ్-ఎస్ రకం కాకుండా పాత ఏఎఫ్-డీ కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. కానన్ ఈఎఫ్-ఎస్ లెన్సు ఫుల్‌ఫ్రేమ్ బాడీకి ఎక్కదు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. నికాన్ డీ7200 షట్టర్‌ను లక్షన్నర సార్లకు, డీ850ది రెండు లక్షలకు పరీక్షించారు. లెన్సును పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. సన్నని దారాల్లా కనబడితే అది బూజు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బీరువాలో మూలపడిన లెన్సుల్ని పాడుచేసేది అదే. గాలి చొరని డబ్బాలో సిలికాజెల్‌తో దాచుకుంటే ఆ బెడద తగ్గుతుంది.

ఇలా కొన్న లెన్సు రేపు అద్దంలేని కెమెరాకు మారినా చెల్లుతుంది. నికాన్ జెడ్ కెమెరాల్లో ఆ 46.5 మి.మీ. దూరం 16కు తగ్గింది. మిగిలిన 30.5 మి.మీ. నింపే అడాప్టర్ గొట్టం బిగిస్తే పాత లెన్సు తన పాత దూరంలోనే నిలబడుతుంది. నికాన్ అడాప్టర్‌తో ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఆటోఫోకస్ పనిచేస్తుంది, ఏఎఫ్-డీ వాటికి పనిచేయదు.