రాజమండ్రిలో బొమ్మల ఇల్లు

మన హాస్టల్ పిల్లలకు ఎక్స్‌కర్షన్ అంటే విశాఖపట్నమే. బీచ్, జలాంతర్గామి, కైలాసగిరి చూసి రాత్రికి మందస చేరుకుంటాం. అదే హౌరా–చెన్నై రైలు మార్గంలో ఇంకొంచెం ముందుకు వెళితే రాజమండ్రి వస్తుంది. 2015 నుంచి దాని పేరు రాజమహేంద్రవరం. అక్కడ గోదావరి గట్టు దారిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. పుష్కరాల రేవుకు వెళ్లే వేలమందిలో దానిలోకి తొంగి చూసేవారు తక్కువ. తమ్ముళ్లు ఒక్కసారైనా చూడాలని దాని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆర్ట్ గ్యాలరీ అంటే చిత్రకారుడు తన చేత్తో వేసిన అసలు బొమ్మలను భద్రపరచి, అందరికీ చూపించే చోటు. పుస్తకంలో అచ్చు వేసిన బొమ్మలో రంగు మారిపోతుంది, కొలత మారిపోతుంది. అసలు బొమ్మ దగ్గర నిలబడితే కుంచె ఎక్కడ ఆగిందో, పెన్సిల్ గీత ఎక్కడ దిద్దాడో కూడా కనిపిస్తుంది.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలోనే పుట్టారు. చిన్నప్పటి నుంచీ దొరికిన కాగితం మీదల్లా బొమ్మలు గీసేవారట. ఇలాంటి పిల్లలు ప్రతి హాస్టల్లోనూ ఒకరిద్దరు ఉంటారు. లెక్కల నోటు వెనక పేజీల్లో బొమ్మలు వేసి దెబ్బలు తింటారు. రామారావు అదృష్టం ఏమిటంటే, అప్పట్లో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన స్వయంగా బొమ్మలు వేసే మనిషి, కవి కూడా. కుర్రాడి చేతిలో ఏముందో ఆయన కనిపెట్టారు. అజంతా గుహలకు తీసుకువెళ్లి చూపించారు. చదువుకునే కుర్రాడు బొమ్మలు వేస్తే బతుకుతాడా అని ఏ ఇంట్లోనైనా అనుకునే రోజుల్లో, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. అడివి బాపిరాజు గారు కూడా ఈ కూల్డ్రే శిష్యులే. ఒక్క మాస్టారు ఒక ప్రాంతానికి ఎంత మేలు చేయగలరో చూడండి.

బొంబాయిలో పాశ్చాత్య పద్ధతి నేర్చుకున్నారు. గుజరాత్ చిత్రకారుడు రవిశంకర్ రావల్ స్నేహం కలిసింది. కాఠియావాడ్ వెళ్లి అక్కడి మనుషులను చిత్రించారు. ఆ తరువాత బొంబాయిలోనే ఉండిపోకుండా సొంత ఊరు వచ్చేశారు. ఆ రోజుల్లో భారతీయ చిత్రకళ అంటే కలకత్తా, బెంగాలు పేర్లే వినబడేవి. రామారావు గోదావరినీ, తూర్పు కనుమలనూ, తెలుగు ఆడవాళ్ల కట్టూ బొట్టునూ బొమ్మలోకి తెచ్చారు. ఋష్యశృంగుడి కథ మీద వేసిన చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు కూడా ఆయన బొమ్మలు వెళ్లాయి. రాజమండ్రిలో మిత్రులతో కలిసి చిత్రకళాశాల పెట్టి పిల్లలకు నేర్పారు.

1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి చనిపోయారు. 28 ఏళ్లు ఇంకా నిండలేదు. మశూచి ప్రపంచంలో లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు కాబట్టి ఆ జబ్బు ఎంత భయంకరమో మన తరానికి తెలియదు.

నా మటుకు అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది. చిత్రకారుడు చనిపోతే బొమ్మలు ఏమవుతాయి? చుట్టాలు తలొకటి పట్టుకుపోతారు, కొన్ని అమ్ముడుపోతాయి, మిగిలినవి అటక మీద చెదలు తింటాయి. ఇక్కడ అలా జరగలేదు. కుటుంబం, మిత్రులు, ముఖ్యంగా వరదా వెంకటరత్నం గారు ఆ బొమ్మలను చెల్లాచెదురు కానివ్వలేదు. పాఠశాలనూ నడిపించారు. రామారావు పేరుతో గ్యాలరీ వెలిసింది, తరువాత రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఇటలీలో బెర్గామో అనే ఊరుంది. అక్కడ జాకొమో కర్రారా అనే జమీందారు తన బొమ్మలనూ ఆస్తినీ ఒక చిత్రశాలకూ, దానితోపాటు చిత్రలేఖన పాఠశాలకూ రాసిచ్చి 1796లో చనిపోయాడు. అది ఇప్పటికీ ఉంది. అక్కడ రఫేల్ వేసిన బొమ్మను చూడటానికి దేశదేశాల నుంచి వస్తారు. ఆయనకు ఆస్తి ఉంది, చేశాడు. మన రాజమండ్రిలో అంత ఆస్తి లేకుండానే స్నేహితులు చేశారు.

గ్యాలరీలో నూనె రంగుల చిత్రాలు, నీటి రంగుల చిత్రాలు, పెన్సిల్ గీతలు ఉన్నాయి. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ, కార్తీక పౌర్ణమి, నంది పూజ పేరున్నవి. రామారావు భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే. నూరేళ్ల క్రితం తెలుగు ఇళ్లలో ఆడవాళ్లు కుంచె పట్టారన్న సంగతి మన చెల్లెళ్లు గుర్తుంచుకోవాలి.

నీటి రంగుల బొమ్మకు ఆయుష్షు తక్కువ. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది, అందుకే వెలుతురు మందంగా ఉండాలి. సముద్రపు గాలి తేమకు కాగితం మీద బూజు పడుతుంది. ఉద్దానం వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు పైకప్పులు లేచిపోయినప్పుడు ట్రంకు పెట్టెల్లోని సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు ముద్దయిపోవడం చూశాం. నూరేళ్ల కాగితాన్ని గోదావరి ఒడ్డున కాపాడటం ఎంత పనో ఊహించుకోండి.

మన మహేంద్రగిరి కింది సవర గూడేల్లో ఇంటి గోడల మీద వేసే బొమ్మలూ చిత్రకళే. గోడ పడిపోతే బొమ్మా పోతుంది. వాటికి ఇంకా మన మందసలో ఇల్లు లేదు.

వెళ్లదలచినవారు పలాసలో పొద్దున్నే రైలు ఎక్కితే సాయంత్రానికి ముందే రాజమండ్రి చేరవచ్చు. గ్యాలరీ తెరిచే వేళలు ముందుగా ఫోనులో కనుక్కోండి. లోపల బొమ్మలను చేత్తో తాకకూడదు. ముందు పెన్సిల్ గీతలు చూసి తరువాత రంగుల బొమ్మలు చూస్తే, రామారావు చెయ్యి ఎలా నడిచిందో బాగా తెలుస్తుంది.