వదలని కథ

సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టిన ఆచార్య ఆత్రేయ గురించి సినిమావాళ్లలో ఒక మాట బాగా నలిగింది. రాసి ప్రేక్షకుల్ని, రాయక నిర్మాతల్ని ఏడిపిస్తాడని. షూటింగు నెత్తిమీదికొచ్చినా కాగితం చేతికి అందేది కాదట. బద్ధకమన్నారు చాలామంది. ఒకసారి కాగితం చెయ్యి దాటిందంటే ఇక ఆ మాట తనది కాదన్న బెంగ కూడా అందులో ఉండి ఉండొచ్చు.

ఆ బెంగను దాచుకోనివాడు డికెన్స్. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ 1850లో పూర్తయినప్పుడు, తనలో కొంత భాగాన్నే నీడల లోకానికి సాగనంపుతున్నట్టుందని ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆయన కాలంవాడే ఆంథొనీ ట్రాలప్‌కు ఈ గొడవే లేదు. ‘డాక్టర్ థార్న్’ ముగించిన మర్నాడే కూర్చుని ఇంకో నవల మొదలుపెట్టాడు!

13వ శతాబ్దపు నెల్లూరులో మాత్రం ఆపడమూ ముగించడమూ రెండూ ఒకే మనిషి చేశాడు. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన మొదట వచనం లేకుండా అచ్చంగా పద్యాలతో ‘నిర్వచనోత్తర రామాయణం’ రాశాడు. తీరా రాముడి నిర్యాణం దగ్గరికొచ్చి ఆగిపోయాడు. కావ్యం మంగళంగా ముగియాలన్న పట్టింపు కావచ్చు, మనసొప్పకపోవడం కావచ్చు. మిగిలిన కథను తర్వాత జయంతి రామభట్టు పూరించాడు.

అదే తిక్కన భారతం దగ్గర వెనుదీయలేదు. విరాటపర్వం మొదలు స్వర్గారోహణ పర్వం దాకా పదిహేను పర్వాలు ఒంటిచేత్తో నడిపించాడు. రాముణ్ణి సాగనంపలేకపోయిన చెయ్యే మహాప్రస్థానంలో ద్రౌపదినీ, ధర్మరాజు నలుగురు తమ్ముళ్లనూ ఒకరి తర్వాత ఒకరిని దారిలో రాల్చింది. ఇంతా చేసి ఒక ఖాళీని మాత్రం ముట్టుకోలేదు. రాజమహేంద్రవరంలో తెలుగు భారతాన్ని మొదలుపెట్టిన నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో వదిలేసిన చోటు అది. దాన్ని తాకితే కీడని భయపడ్డాడని జనం చెప్పుకున్నారు. కురుక్షేత్రమంతా రాసినవాడు ఆ మాత్రానికి జంకాడంటే నమ్మబుద్ధి కాదు. ఇంకొకరి గొంతుతో పాడటం ఇష్టంలేక తన గొంతుకు సరిపడే చోట ఎత్తుకున్నాడనుకుంటే సబబుగా ఉంటుంది.

నన్నయ గొంతు పట్టుకోవడానికి గుడ్లూరుకు చెందిన ఎఱ్ఱన రావాల్సి వచ్చింది. అప్పటికి 14వ శతాబ్దం, అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కాలం. అతుకు వేసిన చోటు చూడాలి. నన్నయ చివరగా వర్ణించింది శరత్కాలపు రాత్రులు: నక్షత్రాలు, కలువల గాలి, వెన్నెల. ఎఱ్ఱన అందుకున్నది శరత్కాలపు ఉదయాన్ని. ఋతువు మారలేదు, తెల్లవారిందంతే. ఆ రాత్రికీ ఆ ఉదయానికీ మధ్య నిజంగా గడిచింది దాదాపు మూడు వందల ఏళ్లు. ముందు నన్నయలా సంస్కృత సమాసాలతో నడిచి, పోనుపోను తిక్కన తెలుగు నడకకు దగ్గరవుతాడని విమర్శకులు గమనించారు. అటు పర్వానికీ ఇటు పర్వానికీ మధ్య కూర్చున్నవాడికి అంతకన్నా మంచి దారి ఏముంటుంది?

అంత కష్టపడి పూర్తిచేసిన భాగాన్ని తన రాజుకు ఇచ్చుకోలేదు. నన్నయే రాశాడన్నట్టుగా, ఎప్పుడో గతించిన ఆయన రాజు రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. వేమారెడ్డికి దక్కింది హరివంశం. అది భారతానికే పరిశిష్టం. అంటే పద్దెనిమిది పర్వాలూ అయ్యాక కూడా కృష్ణుడి కథ ఇంకా చెప్పాల్సింది మిగిలే ఉంది.